షార్ట్ సర్క్యూట్ దగ్గర ఆగిపోతున్న విచారణలు

దేశంలో ఏ వాణిజ్య సముదాయంలో మంటలు చెలరేగినా, తొలి గంటల్లో వెలువడే వార్తలో ఒక వాక్యం దాదాపు తప్పనిసరిగా కనిపిస్తుంది: షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు. ఘటనాస్థలిలో అగ్నిమాపక అధికారి ఆ మాట అంటారు. పోలీసులు దాన్నే నమోదు చేసుకుంటారు. వార్తాసంస్థలు యథాతథంగా పాఠకులకు చేరవేస్తాయి. ఆరు నెలలు గడిచాక ఆ ‘ప్రాథమికంగా’ అన్న మాట ఏమైందని ఎవరూ అడగరు. విచారణ ఎక్కడ మొదలుకావాలో అక్కడే ముగిసిపోతోంది.

సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16 సాయంత్రం జరిగిన ప్రమాదం తెలుగు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఉపాధి కోసం నగరానికి వచ్చిన ఆరుగురు యువతీయువకులు అక్కడ పొగలో ఊపిరాడక ప్రాణాలు కోల్పోయారు. అప్పుడూ తొలిగా వినిపించింది షార్ట్ సర్క్యూట్ మాటే. అదే నిజమని అనుకున్నా, విచారణాధికారి అడగవలసిన ప్రశ్నలన్నీ ఆ మాట తరవాతే మొదలవుతాయి. ఏ తీగ, ఏ జాయింటు, ఏ ప్యానెల్? దానికి ముందున్న బ్రేకర్ ఎందుకు తెగలేదు? ఆ బ్రేకర్‌ను చివరిసారి పరీక్షించినదెప్పుడు? లోడ్ ఎప్పుడు పెరిగింది, ఎవరి అనుమతితో పెరిగింది? దీపాలు ఆరిపోయాక మెట్లమార్గంలో వెలగవలసిన అత్యవసర దీపాలు వెలిగాయా?

విద్యుత్ పరిభాషలో షార్ట్ సర్క్యూట్ అంటే కలవకూడని రెండు వాహకాలు కలవడం. ఆ క్షణంలో ప్రవాహం సాధారణ స్థాయికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. సరిగ్గా ఎంపిక చేసిన బ్రేకర్ సెకనులో అతి స్వల్ప భాగంలోనే దాన్ని తుంచేయాలి. భవనాల్లో రక్షణ పరికరాలు అమర్చేదే అందుకు. కాబట్టి షార్ట్ సర్క్యూట్ వల్ల భవనం కాలిపోయిందని రాస్తే, రక్షణ వ్యవస్థ విఫలమైందని పరోక్షంగా ఒప్పుకొన్నట్లే. చిత్రమేమంటే, మన నివేదికల్లో మొదటి సగమే ఉంటుంది, రెండో సగం ఉండదు.

వాస్తవానికి బ్రేకర్ గుర్తించలేని లోపాలే ఎక్కువ ప్రమాదకరం. బిగువు సడలిన ఒక బోల్టు దగ్గర నిరోధం కొద్దిగా పెరుగుతుంది. ప్రవాహం మాత్రం పరిమితిలోనే ఉంటుంది గనుక బ్రేకర్‌కు ఏమీ తెలియదు. ఆ జాయింటు వేసవి మధ్యాహ్నాల్లో, ఏసీలన్నీ నడిచే వేళ వేడెక్కి, రాత్రికి చల్లబడి, మరికొంత సడలుతుంది. నెలలు గడిచేసరికి చుట్టూ ఉన్న ఇన్సులేషన్ పెళుసుబారుతుంది. న్యూట్రల్ తీగ సంగతి మరీ విచిత్రం. మూడు ఫేజుల లోడ్ సమానంగా ఉంటే న్యూట్రల్‌లో ప్రవాహం దాదాపు ఉండదని పాత లెక్క. కంప్యూటర్లు, ఎల్‌ఈడీ దీపాలు, వేగ నియంత్రణ మోటార్లు నిండిన నేటి కార్యాలయాల్లో మూడో హార్మోనిక్ ప్రవాహాలు ఒకదానినొకటి రద్దు చేసుకోవు, న్యూట్రల్‌లో కూడుకుంటాయి. ఒకనాడు సగం మందంతో వేసిన న్యూట్రల్ ఈ లోడ్‌కు కాలిపోవడంలో ఆశ్చర్యం లేదు. దానికి విడిగా రక్షణ బ్రేకర్ ఉండదన్నది మరో సంగతి.

ఇంకో చిక్కుంది. కాలిన భవనంలో కరిగిన రాగి పూసలు కనిపించగానే అదే మంటకు మూలమని తేల్చేయడం పరిపాటి. కానీ మంట మరెక్కడో మొదలై, ఆ వేడికి ఇన్సులేషన్ కరిగి, తీగలు ఒకదానికొకటి తగిలినా అవే పూసలు ఏర్పడతాయి. విద్యుత్ సరఫరా ఉన్న భవనంలో ఏ కారణంతో మంట పుట్టినా, కాసేపటికి షార్ట్ సర్క్యూట్లు జరిగి తీరతాయి. కారణానికీ పర్యవసానానికీ ఉన్న ఈ తేడాను తేల్చాలంటే ఏ బ్రేకర్ ఏ వరసలో తెగింది, సరఫరా వైపు నుంచి చూస్తే ఏ తీగ మీద ఎంత దూరంలో కరుగు గుర్తులున్నాయి, పొగ మొదట ఎవరు ఎక్కడ చూశారు అన్న వివరాలు జతపరచాలి. ఒక్క పూట పరిశీలనతో తేలే పని కాదది.

హీత్రూ చెప్పిన పాఠం

ఇలాంటి విచారణను చివరిదాకా కొనసాగిస్తే ఏం బయటపడుతుందో 2025లో లండన్ చూపించింది. మార్చి 20 రాత్రి పశ్చిమ లండన్‌లోని నార్త్ హైడ్ సబ్‌స్టేషన్‌లో ఒక భారీ ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. ఐరోపాలోనే అత్యంత రద్దీ విమానాశ్రయాల్లో ఒకటైన హీత్రూ మరునాడు దాదాపు రోజంతా మూతపడింది. రెండు లక్షలకు పైగా ప్రయాణికులు చిక్కుకుపోయారు. ప్రాణనష్టం లేదు. మన దగ్గరైతే సరఫరా పునరుద్ధరించగానే ముగిసిపోయే వ్యవహారమిది. అక్కడ మాత్రం ప్రభుత్వం రెండు రోజుల్లో స్వతంత్ర విచారణకు ఆదేశించింది. జాతీయ ఇంధన వ్యవస్థ నిర్వహణ సంస్థ మే నెలలో మధ్యంతర నివేదికను, జులై 2న తుది నివేదికను ప్రజల ముందుంచింది.

ఆ నివేదికలో ‘ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది’ అన్నది మొదటి మెట్టు మాత్రమే. ఎందుకు అంటుకుంది? దానిపైన ఉండే బుషింగ్ అనే హైవోల్టేజీ భాగం పేలిపోయింది. ఎందుకు పేలింది? అందులోకి తేమ చేరి ఉండవచ్చని నిపుణులు నిర్ధారించారు. తేమ చేరిందని ముందే తెలియదా? తెలుసు. 2018 జులైలో తీసిన నూనె నమూనాలోనే తేమ ప్రమాదకర స్థాయిలో నమోదైంది. తక్షణం మార్చవలసిన ఆ భాగాన్ని సరఫరా సంస్థ మార్చలేదు. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు చేయవలసిన నిర్వహణ పనులు తరవాతి ఏళ్లలోనూ వాయిదా పడ్డాయి. ప్రయోగశాల ఒక కాగితంపై రాసిన అంకె ఆరున్నరేళ్లకు పైగా దస్త్రంలో పడి ఉండి, చివరకు విమానాశ్రయాన్ని మూయించింది. నివేదిక వెలువడిన రోజే నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఆ సరఫరా సంస్థపై అధికారిక దర్యాప్తు ప్రకటించింది.

విచారణ విమానాశ్రయాన్నీ వదల్లేదు. హీత్రూకు మూడు సబ్‌స్టేషన్ల నుంచి విద్యుత్ వస్తుంది. ఒకటి పోతే మిగిలిన రెండింటితో నడపగలిగేంత సామర్థ్యం ఉంది. అయితే లోపలి నెట్‌వర్క్ అమరిక ప్రకారం, ఒక వైపు లోడ్‌ను మరో వైపునకు మార్చాలంటే పది పన్నెండు గంటల పని. డీజిల్ జనరేటర్లు అనుకున్నట్లే పనిచేశాయి. అనుకున్నది రన్‌వే దీపాల వంటి అత్యవసర వ్యవస్థలకే గాని, మొత్తం విమానాశ్రయానికి కాదు. అంటే ఇక్కడ ‘బ్యాకప్ విఫలమైంది’ అన్న మాట కూడా సరికాదు. బ్యాకప్ దేనికి ఉద్దేశించారో యాజమాన్యం, ప్రజలు వేర్వేరుగా అర్థం చేసుకున్నారు. ఆ రాత్రి విమానాశ్రయ ముఖ్య కార్యనిర్వహణాధికారి ఫోను సైలెంట్‌లో ఉండిపోయిందన్న సంగతి కూడా హీత్రూ స్వయంగా చేయించిన సమీక్షలో నమోదైంది. మన దేశంలో ఇలాంటి వివరం ఒక నివేదికలో అచ్చవుతుందని ఊహించడం కష్టం.

రెండో దారి మొదటి దారిలోనే ఉంటే

పెద్ద భవనాల్లో ప్రత్యామ్నాయ విద్యుత్ ఎందుకు అక్కరకు రాకుండా పోతుందో పరిశీలిస్తే, తరచూ కనిపించే లోపం పరికరాలది కాదు, అమరికది. అట్లాంటా విమానాశ్రయం 2017 డిసెంబరు 17న దాదాపు పదకొండు గంటల పాటు చీకట్లో మునిగింది. వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. భూగర్భ సొరంగంలోని విద్యుత్ పరికరాల్లో మంట పుట్టింది. ప్రధాన సరఫరా పోతే ఆదుకోవలసిన రెండో వరస కేబుళ్లు కూడా అదే సొరంగంలో వెళ్తున్నాయి. రెండూ కలిసి కాలిపోయాయి. కాగితం మీద రెండు దారులు, భూమి మీద ఒక్కటే.

వరదల్లో ఇదే కథ మరో రూపంలో కనిపిస్తుంది. 2012 అక్టోబరులో శాండీ తుపాను న్యూయార్క్‌ను ముంచెత్తినప్పుడు అక్కడి ఎన్‌వైయూ లాంగోన్ వైద్యకేంద్రంలో జనరేటర్లు ఎత్తయిన అంతస్తుల్లో భద్రంగానే ఉన్నాయి. వాటికి డీజిల్ అందించే పంపులు మాత్రం నేలమాళిగలో ఉన్నాయి. నీరు చేరగానే జనరేటర్లు ఆగిపోయాయి. మూడు వందల మందికి పైగా రోగులను తరలించవలసి వచ్చింది. నవజాత శిశువులను నర్సులు చేతులతో శ్వాస అందిస్తూ చీకటి మెట్ల మీదుగా కిందికి మోసుకొచ్చారు.

మూడేళ్ల తరవాత, 2015 డిసెంబరు తొలి వారంలో చెన్నైలో అడయారు నది పొంగి, దాని ఒడ్డున ఉన్న ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలోకి నీరు చొరబడింది. జనరేటర్లు మునిగాయి. అత్యవసర చికిత్స విభాగంలో 18 మంది రోగులు మరణించినట్లు వార్తలు వెలువడ్డాయి. ఆ మరణాలన్నిటికీ విద్యుత్ పోవడమే కారణమా అన్నదానిపై వాదోపవాదాలు సాగాయి. న్యూయార్క్ అనుభవం అప్పటికే అందరికీ అందుబాటులో ఉంది. జనరేటర్‌తోపాటు దానికి నూనె అందించే పంపు, దాని నియంత్రణ ప్యానెల్, లోడ్‌ను మార్చే స్విచ్ అన్నీ నీటిమట్టానికి పైనే ఉండాలన్నది అక్కడ నేర్చిన పాఠం. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో సెల్లార్ పార్కింగ్ పక్క గదిలో ప్యానెల్ బోర్డులు బిగించిన వాణిజ్య భవనాలు ఎన్ని ఉన్నాయో ఆయా భవనాల్లోకి దిగి చూసినవారికి తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ వీధుల్ని ముంచెత్తింది. మళ్లీ ముంచదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

ఇక పరికరాల విషయానికి వస్తే, జనరేటర్ స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు కారణం దాని ఇంజిన్ కాదు, దాన్ని తిప్పవలసిన బ్యాటరీ. కోటి రూపాయల యంత్రం కొన్ని వేల రూపాయల బ్యాటరీ మీద ఆధారపడి నిలుచుంటుంది. యూపీఎస్ బ్యాటరీలదీ అంతే. అవి వరసగా ఒకదానికొకటి జోడించి ఉంటాయి. వాటిలో ఒక్క సెల్ తెగిపోతే మొత్తం వరస పనికిరాదు. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీల జీవితకాలం 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకు సుమారు సగానికి పడిపోతుంది. ఏసీ ఖర్చు తగ్గించుకోవడానికి బ్యాటరీ గదిని వదిలేసిన భవనాల్లో, ఐదేళ్లు రావలసిన బ్యాటరీ రెండున్నరేళ్లకే సగం సామర్థ్యం కోల్పోతే అది తయారీ లోపమని ఎలా అనగలం? ప్యానెల్ మీద పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అది బ్యాటరీకి ఛార్జింగ్ అందుతోందని చెబుతుందే గాని, అందులో శక్తి ఎంత నిలుస్తుందో చెప్పదు.

జనరేటర్‌ను వారానికోసారి లోడ్ లేకుండా ఐదు నిమిషాలు నడిపి ‘సక్రమం’ అని రిజిస్టరులో సంతకం చేయడం మన భవనాల్లో సర్వసాధారణం. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రకారం డీజిల్ జనరేటర్‌ను నెలకోసారి కనీసం 30 శాతం లోడ్‌తో 30 నిమిషాల పాటు నడపాలి. తక్కువ లోడ్‌తో నడిపితే సిలిండర్లలో కాలని ఇంధనం పేరుకుంటుంది. అసలైన లోడ్ పడినప్పుడు ఇంజిన్ మొరాయిస్తుంది. అంటే ఉత్తుత్తి పరీక్ష యంత్రానికి మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

ఇక్కడ మన అనుభవంలోని ఒక వైపరీత్యాన్ని గమనించాలి. 2012, 2013 సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు విద్యుత్ సెలవులు, పట్టణాలకు గంటల కొద్దీ కోతలు ఉన్న రోజుల్లో జనరేటర్లు ప్రతిరోజూ పూర్తి లోడ్‌తో నడిచేవి. పనిచేయనిదేదో ఆ రోజే తెలిసిపోయేది. మరమ్మతు మనిషి వారానికోసారి వచ్చేవాడు. సరఫరా మెరుగుపడ్డాక జనరేటర్లు నెలల తరబడి నిద్రపోతున్నాయి. ట్యాంకుల్లో డీజిల్ పాతబడుతోంది. వాటిని నడపడం తెలిసిన ఎలక్ట్రీషియన్లు పదవీ విరమణ చేస్తున్నారు. కోతలు లేకపోవడం శుభమే. దానితోపాటు ఉచితంగా జరిగిపోతుండిన పరీక్ష ఆగిపోయింది. దాని స్థానంలో ప్రణాళిక ప్రకారం జరగవలసిన పరీక్ష చాలాచోట్ల రాలేదు.

రక్షకుడే ప్రమాదమైనప్పుడు

బ్యాకప్ వ్యవస్థే మంటకు మూలమైన సందర్భాలూ పెరుగుతున్నాయి. దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ సమాచార కేంద్రంలో 2025 సెప్టెంబరు 26న యూపీఎస్ లిథియం బ్యాటరీలను తరలించే పని జరుగుతుండగా మంటలు లేచాయి. పదేళ్ల వారంటీ గడువు దాటిన బ్యాటరీలవి. ముందుజాగ్రత్తతో కలిపి మొత్తం 647 ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయాయి. ఉద్యోగులు దస్త్రాలు దాచుకునే జీ డ్రైవ్ అనే వ్యవస్థలో 858 టెరాబైట్ల సమాచారం శాశ్వతంగా పోయింది. దానికి మరోచోట నకలు లేదు. అంతకు మూడేళ్ల ముందు, 2022 అక్టోబరులో, అదే దేశంలో పాంగ్యో సమాచార కేంద్రం నేలమాళిగలో బ్యాటరీలు అంటుకుని కకావ్ సందేశ సేవలు రోజుల తరబడి స్తంభించాయి. మంటలార్పడానికి నీళ్లు వాడవలసి రావడంతో భవనమంతటికీ విద్యుత్ నిలిపివేశారు. బ్యాటరీ గదిని సర్వర్లకు దూరంగా ఉంచాలన్న సంగతి దక్షిణ కొరియాకు తెలియక కాదు. ఒకసారి తెలిసిన సంగతి రెండో భవనానికి చేరలేదు.

తెలుగు నేల మీద ఈ కోవకు చెందిన అత్యంత విషాదకర ఘటన వాణిజ్య భవనంలో జరగలేదు, కొండ లోపల జరిగింది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో తొమ్మిది మంది మరణించారు. మృతుల్లో బ్యాటరీల పని మీద వచ్చిన సిబ్బందీ ఉన్నారు. విద్యుత్ కేంద్రంలోనైనా, ఐటీ టవర్‌లోనైనా పెద్ద బ్రేకర్లను తెరిచేందుకు ఆజ్ఞనిచ్చేది బ్యాటరీ నుంచి వచ్చే డీసీ సరఫరా. అది లేనప్పుడు రిలే లోపాన్ని గుర్తించినా బ్రేకర్ కదలదు. అందుకే బ్యాటరీ మార్పిడిని మామూలు మరమ్మతుగా చూడకూడదు. ఆ కొద్ది గంటలు ఆ కేంద్రమంతా రక్షణ లేకుండా నిలిచే ప్రమాదముంది. వాణిజ్య భవనాల నిర్వహణ గుత్తేదారుల్లో ఎంతమందికి ఈ సంగతి చెప్పి పని అప్పగిస్తున్నారు?

మొదటి ఇరవై నాలుగు గంటలు

విద్యుత్ వైఫల్యంలో సాక్ష్యం చాలా త్వరగా చెరిగిపోతుంది. నేటి బ్రేకర్లు, రిలేలు, యూపీఎస్‌లు, జనరేటర్ నియంత్రికలు తమకు జరిగినది తామే రాసుకుంటాయి. ఎన్ని వోల్టులు, ఏ క్షణం, ఏ ఆజ్ఞ అన్న వివరాలన్నీ వాటి జ్ఞాపకంలో ఉంటాయి. ఆ జ్ఞాపకం పరిమితం. సరఫరా పునరుద్ధరించే తొందరలో సిబ్బంది నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేస్తే కొత్త నమోదులు పాతవాటిని తుడిచేస్తాయి. కాలిన బ్రేకర్‌ను తీసి కొత్తది బిగించి, పాతదాన్ని తుక్కు వ్యాపారికి ఇచ్చేస్తే మిగిలినది కూడా పోతుంది.

పరికరాల గడియారాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం మరో సమస్య. జనరేటర్ 2.14కి స్టార్టయిందని దాని నియంత్రిక చెబుతుంది. విద్యుత్ 2.19కి పోయిందని మీటరు చెబుతుంది. కరెంటు పోకముందే జనరేటర్ స్టార్టయిందా? కాదు, రెండు గడియారాల మధ్య కొన్ని నిమిషాల తేడా ఉంది. ఆ తేడా ఎంతో అప్పటికప్పుడే నమోదు చేయకపోతే, తరవాత ఏ నిపుణుడూ ఘటనల వరసను పేర్చలేడు. అంబులెన్సు వచ్చిన సమయం, సెక్యూరిటీ కెమెరాలో దీపాలు ఆరిన క్షణం, లిఫ్టు ఆగిన అంతస్తు వంటివన్నీ ఒకే కాలరేఖ మీదికి తెస్తేనే ఏది ముందు, ఏది వెనక అన్నది తేలుతుంది.

ఈ నమోదులు లేకపోవడం వల్ల జరిగే నష్టం సాంకేతికమైనదే కాదు. 2019 మే 7న మదురైలోని ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రిలో గాలివాన సమయంలో విద్యుత్ పోయి, జనరేటర్ ఆదుకోలేదని, వెంటిలేటర్లపై ఉన్న తమవారు అందుకే చనిపోయారని బంధువులు ఆరోపించారు. ఆసుపత్రి అధికారులు ఆ ఆరోపణను తోసిపుచ్చారు. ఇలాంటి వివాదాన్ని తీర్చగలిగింది యంత్రాల జ్ఞాపకం ఒక్కటే. బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలిచింది, జనరేటర్ ఎప్పుడు లోడ్ తీసుకుంది అన్నది ముద్రించి ఇరుపక్షాల ముందుంచగలిగితే, నిర్దోషి వైద్యుడికీ న్యాయం జరుగుతుంది, బిడ్డను కోల్పోయిన తల్లికీ జవాబు దొరుకుతుంది.

చట్టంలో ఖాళీ

విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షన్ ప్రకారం విద్యుత్ సంబంధ ప్రమాదంలో మనుషులకు, జంతువులకు ప్రాణనష్టం లేదా గాయం జరిగినప్పుడు, జరిగే అవకాశం ఉన్నప్పుడు సమాచారం ఇవ్వాలి. ప్రభుత్వం సముచితమని భావిస్తే విద్యుత్ తనిఖీ అధికారితో గాని మరొకరితో గాని విచారణ జరిపించవచ్చు. మంట లేకుండా, గాయం లేకుండా ఒక ఆసుపత్రిలో అరగంట పాటు విద్యుత్, జనరేటర్ రెండూ పోతే? ఒక విమానాశ్రయం స్తంభిస్తే? ఎవరికీ చెప్పవలసిన పని స్పష్టంగా లేదు. హీత్రూ తరహా వైఫల్యం మన చట్టం దృష్టిలో ప్రమాదమే కాకపోవచ్చు. తృటిలో తప్పిన ప్రమాదాల నుంచి నేర్చుకునే అవకాశాన్ని చట్టమే వదులుకుంది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో కొత్త భద్రతా నిబంధనలు తెచ్చింది. నిర్దేశిత వ్యవధుల్లో తనిఖీలు, అర్హతగల విద్యుత్ భద్రతా ఇంజినీర్లతో పరీక్షలు, స్వీయ ధ్రువీకరణ వంటి ఏర్పాట్లు అందులో ఉన్నాయి. రాష్ట్రాల తనిఖీ విభాగాల్లో ఉన్న కొద్దిపాటి సిబ్బందితో ప్రతి సముదాయాన్నీ చూడడం సాధ్యం కాదు గనుక స్వీయ ధ్రువీకరణకు కారణం ఉంది. అయితే యజమాని జీతమిచ్చే ఇంజినీరు ఇచ్చే ధ్రువపత్రం విలువ, విఫలమైనప్పుడు జరిగే విచారణ ఎంత నిష్పాక్షికమో దాన్ని బట్టి ఉంటుంది. పట్టుబడతామన్న భయం లేనిచోట సంతకం చౌక.

స్వతంత్రత సంగతీ చూడాలి. రైల్వే ప్రమాదాలను విచారించే రైల్వే భద్రతా కమిషనర్లు రైల్వేశాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. తన తప్పును తానే విచారించుకోకూడదన్న సూత్రం మీద ఏర్పడిన పద్ధతి అది. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ 2025 జూన్ 12 నాటి అహ్మదాబాద్ దుర్ఘటనపై నెలరోజుల్లో ప్రాథమిక నివేదికను ప్రజలకు అందుబాటులో ఉంచింది. భవనాల విద్యుత్ వైఫల్యాలకు ఇలాంటి ఏర్పాటు ఏదీ లేదు. విద్యుత్ తనిఖీ విభాగం రాష్ట్రాల ఇంధన శాఖ గొడుగు కిందే ఉంటుంది. పంపిణీ సంస్థలూ ఆ గొడుగు కిందివే.

తలచుకుంటే మనమూ చేయగలమనడానికి ఉదాహరణ ఉంది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలినప్పుడు కేంద్రం నియమించిన కమిటీ ఆగస్టులోనే నివేదిక ఇచ్చింది. ఏ లైను ఏ సెకనులో తెగింది, ఏ రాష్ట్రం ఎంత అధికంగా తీసుకుంది అన్న వివరాలతో అది బహిరంగంగా వెలువడింది. విద్యుత్ ఇంజినీర్లు ఇప్పటికీ దాన్ని చదువుతారు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి జాతీయ గ్రిడ్‌తో పూర్తిగా అనుసంధానం కాలేదు గనుక తెలుగువారు ఆ చీకటిని చూడలేదు. 2013 డిసెంబరు 31న ఆ అనుసంధానమూ జరిగింది. గ్రిడ్ విషయంలో చూపిన శ్రద్ధ మీటరుకు ఇవతల, భవనం లోపల ఎందుకు లోపించాలి?

ఈ ప్రశ్నకు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. హైదరాబాద్‌లో అంతర్జాతీయ సంస్థల సమాచార కేంద్రాలు ఇప్పటికే నడుస్తున్నాయి. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అంత భారీ కేంద్రాల్లో యూపీఎస్ బ్యాటరీలు, డీజిల్ నిల్వలు కూడా అదే స్థాయిలో ఉంటాయి. బహుళజాతి సంస్థలు తమ లోపాలను తామే విచారించుకుంటాయి, ఆ నైపుణ్యం వాటికి ఉంది. వాటి పక్కన ఉండే అగ్నిమాపక కేంద్రానికి, తనిఖీ కార్యాలయానికి, అదే గుత్తేదారు చేత పనిచేయించుకునే చిన్న భవనానికి ఆ సమాచారం అందే మార్గం మాత్రం నేటికీ లేదు.

ఆ మార్గం వేయడానికి కొత్త శాఖ అక్కర్లేదు. ఆసుపత్రులు, విమానాశ్రయాలు, ఎత్తయిన వాణిజ్య భవనాలు, సమాచార కేంద్రాల్లో ప్రధాన, ప్రత్యామ్నాయ సరఫరాలు రెండూ ఏకకాలంలో విఫలమైతే, ఎవరికీ గాయం కాకపోయినా తెలియజేయాలని నిబంధనల్లో చేర్చవచ్చు. పరికరాల్లోని నమోదులను భద్రపరచాలని, తొలగించిన భాగాలను విచారణ ముగిసేదాకా తుక్కుకు వేయరాదని ఆదేశించవచ్చు. నివేదికలను సంస్థల పేర్లు తొలగించైనా ప్రచురించవచ్చు. వ్యతిరేకత ఎక్కడి నుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. నివేదిక బయటపడితే పరిహారం దావాలు పెరుగుతాయని యజమానులు భయపడతారు. ఆ భయం పూర్తిగా నిరాధారమూ కాదు. అందుకే విమానయానంలో దర్యాప్తు ఉద్దేశం కారణాన్ని కనుగొనడమే తప్ప నిందను నిర్ణయించడం కాదని అంతర్జాతీయ నియమాల్లోనే రాసుకున్నారు. భవనాలకూ ఆ రక్షణ కల్పించవలసి ఉంటుంది.

నిజానికి లోతైన పరిశీలన ఇప్పటికీ కొన్ని చోట్ల జరుగుతోంది. పెద్ద అగ్నిప్రమాదం తరవాత బీమా సంస్థ తరఫున సర్వేయరు వస్తాడు. పరిహారం కోట్లలో ఉన్నప్పుడు విద్యుత్ నిపుణులను వెంటబెట్టుకుని వస్తాడు. వారు ప్యానెల్ విప్పి, జాయింట్లు ఫొటోలు తీసి, నిర్వహణ రిజిస్టర్లు తిరగేసి, ఏది ఎందుకు కాలిందో పేజీల కొద్దీ రాస్తారు. పోలీసు దస్త్రంలో రెండు పదాలతో ముగిసిన కారణం అక్కడ వివరంగా ఉంటుంది. ఆ నివేదిక ఒక ప్రతి బీమా సంస్థకు, ఒక ప్రతి పాలసీదారుకు చేరుతుంది. అదే సంవత్సరం, అదే గుత్తేదారు, అదే రకం ప్యానెల్ బిగించిన ఎదుటి భవనంలో ఆ సమయానికి మామూలుగానే దీపాలు వెలుగుతుంటాయి.